గాజుతొట్టి నీళ్లు

అరుణజ్యోతి స్టవ్ మీద పాలు పెట్టి హాల్లోకి వచ్చేసరికి తిప్పన్న అప్పటికే అక్వేరియం ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. కూతురు వచ్చిన అలికిడికి తల తిప్పకుండానే, "రెండు పైకి తేలినాయమ్మా" అన్నాడు.

నల్ల మోలీలు. ఒకటి ఫిల్టరు గొట్టం పక్కన వాలి ఉంది. ఇంకొకటి అద్దానికి అంటుకొని, కడుపు పైకి తిప్పుకొని ఉంది. మిగిలినవన్నీ నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఎప్పుడూ అడుగున గులకరాళ్లను నోటితో ఎత్తి ఉమ్ముతూ తిరిగే పెద్ద గోల్డ్ ఫిష్ కూడా ఈ పొద్దు పైకే వచ్చేసింది.

"ఎప్పట్నుంచి ఇట్లుండాయి?"

"నేను లేచేటప్పటికే ఉండాయి. ఊపిరాడనట్ల చేస్తాండాయి."

ఆమె వల తెచ్చి చచ్చిన రెండింటినీ తీసి కాగితంలో చుట్టింది. ఆ చేపలు అరుణజ్యోతి కూతురు త్రివేణివి. తిరుపతిలో డిగ్రీ చదువుకు హాస్టల్లో చేరేముందు తొట్టిని తల్లికి అప్పజెప్పి పోయింది. ఆదివారం ఇంటికి వస్తోంది. వచ్చీ రాగానే బ్యాగు కింద పెట్టకుండా ముందు తొట్టి దగ్గరికే పోతుంది.

అరుణజ్యోతి పల్లెల నుంచి వచ్చే తాగునీటిని పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. పది గంటలకల్లా అక్కడుండాలి. ఒక చేత్తో టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఇంకో చేత్తో ఫోను పట్టుకొని, టవర్ క్లాక్ దగ్గర చేపల కొట్టు నడిపే యేసన్నకు ఫోన్ చేసింది. త్రివేణి చేపలన్నీ ఆయన దగ్గర కొన్నవే.

"మేత ఎక్కువైంటాదిలేమ్మా" అన్నాడు యేసన్న. "తినంగా మిగిలింది అడుగున కుళ్లి నీళ్లు చెడిపోతాయి. చానామంది చేసే పనే ఇది. రెండు దినాలు మేత ఆపెయ్. నీళ్లు కొన్ని తీసేసి కొత్తవి పొయ్యి. ఇంట్లో ఎవరు ఏస్తారు మేత?"

అరుణజ్యోతి హాల్లోకి చూసింది. తిప్పన్న ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని చేపలనే చూస్తున్నాడు. భార్య పోయాక, పామిడి అవతల పల్లెలో ఇంటికి తాళం వేసి, ఉన్న రెండు ఎద్దులను అమ్మేసి, వేసవి మొదట్లో కూతురి ఇంటికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయనకు ఉన్న పని అదొక్కటే. పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు గుళికలు వేయడం. వేసే ముందు అరచేతిలో పోసుకొని ఊది దుమ్ము పోగొట్టేవాడు.

"మా నాయన" అంది ఫోన్లో.

"పెద్దోళ్లకు జాలెక్కువమ్మా. పశువులకేసినట్ల ఏస్తారు."

ఫోన్ పెట్టేసి మేత డబ్బాను తొట్టి పక్కనుంచి తీసింది. "నాయనా, నువ్వు మేత ఎక్కువ ఏసినావు. ఇంక ఏయొద్దు. నేను చూసుకుంటాలే."

"చిటికెడే ఏసినానమ్మా."

"ఆ చిటికెడే ఎక్కువైంటాది. నీ చెయ్యి పెద్దది గదా."

ఆయన తన చెయ్యిని ఒకసారి చూసుకొని మోకాలి మీద పెట్టేసుకున్నాడు.

సన్న గొట్టంతో తొట్టిలోని నీళ్లు సగం బకెట్లలోకి లాగింది. ఫిల్టరులోని స్పాంజిని తీసుకొనిపోయి కొళాయి కింద పట్టి, మురికి పూర్తిగా వదిలి తెల్లనీళ్లు వచ్చేదాకా పిండింది. పెరట్లో మోటారు వేసి, తొట్టిలో తగ్గిన నీళ్లకు నిన్న సాయంత్రం చేసినట్టే సంపులోని నీళ్లను పైపుతో నేరుగా తొట్టిలోకి వదిలింది. తొట్టి నిండి అద్దం మెరిసింది. నీళ్లలోంచి శుభ్రమైన మందు వాసన కొద్దిగా తగిలింది. పోయిన వారం నాయనకు కడుపు పాడై ఆసుపత్రికి తీసుకొనిపోతే, ఏం నీళ్లు తాగుతున్నారని డాక్టరమ్మ అడిగింది. నీళ్లను పరీక్షించే మనిషి ఇంట్లోనే ఆ ప్రశ్న రావడం అరుణజ్యోతికి చిన్నతనం అనిపించింది. ఆ సాయంత్రమే సంపులో క్లోరిన్ బిళ్లలు వేసింది. ఆయనకు పూర్తిగా నయం కాలేదని మొన్న ఆదివారం మళ్లీ వేసింది.

తీసేసిన నీళ్ల బకెట్లను తిప్పన్న పెరట్లోకి మోసుకొని పోయాడు. రెండు దినాలకొకసారి కొళాయి వచ్చే వీధిలో నీళ్లు పారబోయడం ఆయన చూడలేడు. మునగచెట్టు మొదట్లో నెమ్మదిగా, మట్టి తాగేదాకా ఆగి ఆగి పోశాడు.

*

మరుసటి రోజు పొద్దున హాల్లో కుర్చీ లేదు. తిప్పన్న దాన్ని వరండాలోకి జరుపుకొని వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ను బయటికి పొమ్మనలేదు. ఆ సంగతి అరుణజ్యోతి తనకు తానే చెప్పుకుంది. అంతకంటే ఆలోచించడానికి తీరికా లేదు. ఇంకొక మోలీ చచ్చిపోయి ఉంది.

బతికున్న వాటిని వంగి చూసింది. పెద్ద గోల్డ్ ఫిష్ మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. వాటి అంచులు మామూలుకంటే ఎర్రగా ఉన్నట్టనిపించింది. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. అయినా అడుగున పాత మేత ఇంకా మిగిలి ఉంటుందనుకొని, మళ్లీ సగం నీళ్లు లాగి, మళ్లీ మోటారు వేసి నింపింది.

బయట జూన్ గాలి లేచింది. ఇక్కడ వానకంటే ముందు గాలి వస్తుంది. ఒక్కోసారి గాలి వచ్చి వాన రాదు. వరండాలో తిప్పన్న కళ్లలో దుమ్ము పడకుండా తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకొని, మేఘాలు ఎటు పోతున్నాయో చూస్తున్నాడు. ఈ ఏడు ఆయన వేరుశనగ వేయడం లేదు. అయినా చూస్తున్నాడు.

"లోపలికి రా నాయనా, గాలి కొడుతాంది."

"ఈడనే బాగుండాదిలేమ్మా."

అరుణజ్యోతి స్కూటీ తీసింది.

సాయంత్రం త్రివేణి ఫోన్ చేసింది. క్యాంటీన్‌లో ఉన్నట్టుంది, వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"నా చేపలు ఎట్లుండాయి మా?"

"మూడు మోలీలు పోయినాయి త్రివేణీ. మీ తాత మేత ఎక్కువేసినాడు."

"తాతను ఏమీ అనద్దులేమా" అంది త్రివేణి. తర్వాత, "నీళ్లు మిద్దె మీద డ్రమ్ములో ఒక దినం పెట్టి పోస్తాండావు గదా?" అని అడిగింది.

"ఆ, పోస్తాండాలే."

"స్పాంజి కొళాయి కింద కడగద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాల."

"చెప్పినావులే. నేను దినామూ నీళ్లతోనే బతికేదాన్ని, నాకు నేర్పిస్తావా నువ్వు?"

నవ్వుతూనే అంది. ఫోన్ పెట్టాక, డ్రమ్ము గురించి అబద్ధం చెప్పానన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. నీళ్లు డ్రమ్ములో ఉన్నా సంపులో ఉన్నా నీళ్లే గదా అనుకొని కూరగాయలు తరగడానికి కూర్చుంది. తిప్పన్న భోజనానికి వచ్చి, పెట్టింది తిని, కంచం కడిగి బోర్లించి మళ్లీ వరండాలోకి పోయాడు. వచ్చినప్పటి నుంచీ అంతే. ఇంకాస్త పెట్టమని గానీ చాలని గానీ నోరు తెరిచి అడిగిన మనిషి కాదు.

*

గురువారం పొద్దున ఆఫీసుకు పోయేముందు ఆమె మేత డబ్బాను అల్మారాలో పెట్టబోయి, ఆగి, తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అలా వేసుకుంటుంటే భర్త ఓబిలేష్ చూశాడు. ఆయన బస్సు డ్రైవరు. రాత్రంతా బెంగుళూరు నుంచి బండి నడిపి వచ్చి అప్పుడే పడుకోబోతున్నాడు.

"చేపల మేతను ఆఫీసుకు తీసకపోతాండావా?" అన్నాడు.

"ఈడ పెడితే మా నాయన చెయ్యి ఊరుకోదు."

ఓబిలేష్ వరండావైపు చూసి గదిలోకి పోయాడు.

సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి తెలుపూ ఎరుపూ కలిసిన గోల్డ్ ఫిష్ పక్కకు పడి తేలుతోంది. త్రివేణి ఇంటర్‌లో ఉన్నప్పుడు కొన్న జతలో ఒకటి అది. వేలెడంత ఉన్నప్పుడు వచ్చి, అరచేతి అంత అయింది. అరుణజ్యోతి బ్యాగు భుజాన ఉండగానే తొట్టి ముందు నిలబడిపోయింది. మేత డబ్బా బ్యాగులోనే ఉంది. పొద్దుట నీళ్లు తేటగానే ఉన్నాయి. మరి ఇదెట్లా?

వరండా గుమ్మంలోకి పోయింది.

"నాయనా, చేపలకు ఏమైనా ఏసినావా?"

తిప్పన్న కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు.

"నిజం చెప్పు. డబ్బా నాకాడనే ఉండాది. ఇంట్లో ఏమన్నా తీసి ఏసినావా? అన్నం మెతుకులు గానీ, ఇంకేమన్నా గానీ? పగలంతా ఇంట్లో మేలుకోనుండేది నువ్వొక్కనివే."

ఆయన ఆమె ముఖం చూశాడు. తర్వాత ఆమె భుజానికి వేలాడుతున్న బ్యాగును చూశాడు.

"ఏసినా" అన్నాడు.

"ఏమేసినావు?"

"బొరుగులు."

"బొరుగులా?" ఆమె గొంతు పెరిగింది. "చెప్తే అర్థం కాదా నాయనా నీకు? చిన్నపిల్లోనివా? మూడు దినాలుగా నేను నీళ్లు మార్చి మార్చి చస్తాండా, నువ్వు ఎనక నుంచి బొరుగులు ఏస్తావా? పాప వచ్చి అడిగితే ఏం చెప్పల్ల?"

ఎదురింటి వాకిట్లో బట్టలు తీస్తున్న ఆమె చేతులాపి ఇటు చూసింది. తిప్పన్న తుండుగుడ్డను మడత మీద మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంక ఏయనులేమ్మా" అన్నాడు.

లోపలికి వచ్చి ముఖం కడుక్కుంటుంటే ఓబిలేష్ తువ్వాలు అందించాడు. "ఆయప్పను వీధిలో పెట్టి అట్ల అనల్నా?" అన్నాడు మెల్లగా.

"ఆయనే ఒప్పుకొన్యాడు గదా."

"ఒప్పుకొన్యాడు. సరేలే."

అతను బస్సుకు పోవడానికి తయారవుతున్నాడు.

బొరుగులు అడుగున ఉబ్బి ఉంటాయి, తీయకపోతే రేపటికి కుళ్లుతాయి అనుకొని అరుణజ్యోతి చీర కుచ్చిళ్లు దోపుకొని, సన్న గొట్టం పట్టుకొని తొట్టి ముందు కూర్చుంది. గులకరాళ్ల మధ్య గొట్టం కొస పెట్టి నెమ్మదిగా కదిపింది. సన్నని మడ్డి దారంలా గొట్టంలోకి ఎక్కి బకెట్లో పడింది. ఒక మూలనుంచి ఇంకో మూలదాకా అట్లాగే లాగింది. ఫిల్టరు తీసి స్పాంజిని రెండువైపులా చూసింది. బకెట్లోని నీళ్లను పాత పంచె గుడ్డతో వడకట్టింది.

ఒక్క బొరుగు గింజ లేదు.

చేపలు తినేశాయా అంటే, అవి తినే స్థితిలో లేవు. లేచి వంటింట్లోకి పోయింది. బొరుగుల సంచి పై అరలో ఉంది. సంతలో కొని తెచ్చిన రోజు అంగడి వాడు వేసిన దారపు ముడి వేసినట్టే ఉంది. దాని మీద సన్నగా దుమ్ము కూడా ఉంది. ఆమె ఆ ముడి మీద వేలు పెట్టి కొంచెంసేపు అట్లాగే నిలబడింది.

వరండాలోంచి తిప్పన్న దగ్గు వినిపించింది. పోయి అడుగుదామనుకుంది. అడగలేకపోయింది. ఏమని అడగాలో తెలియలేదు.

*

మరుసటి పొద్దు ఆమె రెండు చిన్న సీసాలు కడిగి, ఒకదాంట్లో తొట్టి నీళ్లు, ఇంకొకదాంట్లో సంపు కొళాయి నీళ్లు పట్టింది. రోజూ పల్లెల నుంచి ఇట్లాంటి సీసాలు వస్తాయి. ఊరి పేరు, బోరు ఏ వీధిదో రాసిన కాగితం ప్రతి సీసాకూ అంటించి ఉంటుంది. ఆమె తన రెండింటికీ ఏమీ అంటించలేదు.

ల్యాబులో సీసాలు కడిగే ఆంజినమ్మ వాటిని చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. "ఇవి ఏ ఊరివి మేడమ్? పేర్లు లేవు."

"మా ఇంటివి."

"మీ ఇంట్లో ఏమైంది?"

"చూడల్ల."

ముందు ఫ్లోరైడ్ చూసింది. అది ఈ జిల్లాలో ఎక్కడైనా ఉండేంతే ఉంది. ఉప్పు శాతం చూసింది. దాంట్లో కూడా చేపలు చచ్చేంత ఏమీ లేదు. చివరికి సన్న గాజు గొట్టంలోకి కొళాయి నీళ్లు పోసి, క్లోరిన్ చూసే మందు చుక్కలు వేసింది. పల్లెల్లో ఆమె ఈ పరీక్ష చేసి చూపిస్తే పిల్లలు చుట్టూ మూగుతారు. నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉంటే లేత పసుపు రంగు వస్తుంది. రంగు రాకపోతే మందు కలపలేదని అర్థం.

గొట్టంలో పసుపు రాలేదు. చుక్క పడిన చోట నుంచి నారింజ రంగు మేఘంలా దిగి, గొట్టమంతా పాకింది.

ఆమె గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్లీ ఇంకో గొట్టంలో పోసి చేసింది. అదే రంగు. తొట్టి నీళ్ల సీసాతో చేసింది. అక్కడ లేతగా వచ్చింది. అయినా వచ్చింది.

స్టూలు లాక్కొని కూర్చుంది.

బిళ్లలు తనే వేసింది. మూత బిగించిన సంపులో, నాయన కడుపు కోసం, ఒకసారి కాదు రెండుసార్లు. ఆ నీళ్లను డ్రమ్ములో పెట్టి ఎండకూ గాలికీ మందు పోనివ్వకుండా, పైపుతో నేరుగా చేపల మీదికి వదిలింది. అవి చస్తుంటే బాగుచేద్దామని మరిన్ని వదిలింది. స్పాంజిని అదే నీళ్లతో కడిగి, తొట్టిని శుభ్రంగా ఉంచే కంటికి కనపడని జీవాలను కూడా చంపింది. చేపల మొప్పలు ఎర్రబడింది అందుకే. మోటారు వేసిన ప్రతిసారీ వాటికి ఊపిరి తీసుకొనే చోట మంట పెట్టినట్టయింది.

ఇదంతా ఆమెకు తెలియనిది కాదు. ఆలోచించలేదు, అంతే. ఆలోచించే అవసరం రాలేదు. తప్పు చేసిన మనిషి వరండాలో కూర్చొని ఉన్నాడు గదా.

"రంగు ఎక్కువొచ్చినాది మేడమ్" అంది ఆంజినమ్మ.

"ఔను ఆంజినమ్మా. ఎక్కువైంది."

మధ్యాహ్నం సెలవు పెట్టి బయలుదేరింది. యేసన్న కొట్టు దగ్గర ఆగి, నీళ్లలోని క్లోరిన్ విరిచే మందు తీసుకుంది. జరిగింది చెబితే యేసన్న తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను మేత అంటి గానీ నీళ్లు యాడివని అడగకపోతినే. నాదీ పొరపాటే" అన్నాడు. "స్పాంజి కొత్తది పెట్టొద్దమ్మా, నా తొట్టిలో ఉండే పాతది ఒక ముక్క ఇస్తా. అది పెడితే నీళ్లు తొందరగా దారికొస్తాయి."

మడ్డితో నల్లగా ఉన్న తడి స్పాంజి ముక్కను కవరులో పెట్టి ఇచ్చాడు.

*

ఇంటికి వచ్చేసరికి తిప్పన్న వరండాలో కునుకు తీస్తున్నాడు. తల పక్కకు వాలి, నోరు కొంచెం తెరుచుకొని ఉంది. చెంప మీద దుమ్ము ఉంది. ఆమె చెప్పులు విడిచి నేల మీద, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఎప్పుడో చిన్నప్పుడు తప్ప అట్లా కూర్చున్నది లేదు.

ఆయన కళ్లు తెరిచి ఉలిక్కిపడ్డాడు. "ఇంకోటి పోయిందామ్మా?"

"లేదు నాయనా. లే. తొట్టికి నీళ్లు మార్చల్ల. నాతో రా."

"నేనేంటికి లే."

"బకెట్లు మోయల్ల. నా ఒక్కదానితో కాదు."

ఆయన లేచాడు. ఇద్దరూ మిద్దె మీదికి పోయి, మూలన బోర్లించి ఉన్న నీలం డ్రమ్మును కడిగారు. నీళ్లు పట్టి, మూత వేయకుండా ఎండలో వదిలేశారు. అది రేపటికి. కిందికి వచ్చి యేసన్న ఇచ్చిన స్పాంజి ముక్కను ఫిల్టరులో పెట్టింది. ఈ పొద్దుకోసం ఒక బకెట్లో నీళ్లు తీసుకొని క్లోరిన్ విరిచే మందు చుక్కలు కలిపింది. తొట్టిలోంచి కొద్దిగా మాత్రమే తీసి, ఆ బకెట్టు నీళ్లను గ్లాసుతో, గోడ వెంబడి జారేటట్టు పోయసాగింది. తిప్పన్న గాలి బుడగలు వచ్చే రాయిని ఆమె చెప్పిన చోట నీళ్లలో పట్టుకొని నిలబడ్డాడు. ముంజేయి తడిసి చొక్కా అంటుకుంది.

"నాయనా, నువ్వు బొరుగులు ఏయలేదు గదా?"

బుడగలు గలగలా పైకి వస్తున్నాయి. ఆయన వాటినే చూస్తూ, "ఏయలేదు" అన్నాడు.

"చేపలు చచ్చింది మేతకు కాదు. నేను సంపులో ఏసిన మందుకు. నేనే చంపినా. ఈ పొద్దు ల్యాబులో చూసినా."

"ఆ నీళ్లు మందు వాసన కొడతానే ఉండాయమ్మా. కాచినాంక గూడా కొట్టినాయి. నేను తాగలేకపోతి."

"చెప్పొచ్చు గదా."

ఆయన రాయిని ఇంకొంచెం లోపలికి దించాడు.

"మరి నిన్న ఏసినా అని ఏంటికి చెప్తివి?"

తిప్పన్న రాయిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నువ్వు అడిగినావు. ఏసింది నేనేనని తెలిసిపోయినట్లనే అడిగినావు. కాదంటే ఇంకొంచేపు అదే మాట నడుస్తాది. ఔనంటే అయిపోతాది." కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "బోర్లు ఎండిపోతే గూడా ఊర్లో అందరూ నాదే తప్పన్యారు. జాగా చూసి ఏయలేదన్యారు. ఔనంటి. భూమిలో నీళ్లు లేకుంటే నేనేం చేస్తానని ఒక్కనితో అనలే. అయినా అది నా ఊరు, నా ఇల్లు. ఇంటికొచ్చి మీ యమ్మతో కొట్లాడేవాణ్ణి. ఈడ కొట్లాడేదానికి ఎవరుండారు? కాదు అనేదానికి నోరు రాదమ్మా."

"ఇది పరాయిల్లా నాయనా?"

ఆయన తొట్టిలోకి చూస్తూ, "ఆ పెద్దది రెక్క కదిలిస్తాంది చూడు" అన్నాడు.

అరుణజ్యోతి చేతిలోని గ్లాసు అట్లాగే ఉంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. గ్లాసు మళ్లీ బకెట్లో ముంచి, అద్దం వెంబడి సన్నగా పోసింది. పని అయ్యాక వరండాలోకి పోయి కుర్చీని తనే ఎత్తుకొని వచ్చి తొట్టి ముందు పెట్టింది. తిప్పన్న దాన్ని చూశాడు గానీ కూర్చోలేదు. చేతులు తుడుచుకుంటూ బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

శనివారం డ్రమ్ము నీళ్లు దించి మళ్లీ కొద్దిగా మార్చారు. ఆ రోజు ఏ చేపా చావలేదు. కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది.

*

ఆదివారం పొద్దున ఓబిలేష్ స్టేషనుకు పోయి త్రివేణిని తీసుకొని వచ్చాడు. ఆమె బ్యాగు భుజాన ఉండగానే తొట్టి దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. పెద్ద గోల్డ్ ఫిష్ అడుగుకు దిగి, గులకరాళ్ల మీద ఒక చోట ఆగి ఉంది. మిగిలిన కొన్ని మోలీలు తొట్టి నడుమ తిరుగుతున్నాయి.

"దీని జతది యాడ?" అంది త్రివేణి.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న తిప్పన్న తుండుగుడ్డ సర్దుకున్నాడు. "నా వల్లనే పాపా, నేను..."

"కాదు" అంది అరుణజ్యోతి.

వంటింటి గడపలోంచి వచ్చి హాలు మధ్యలో నిలబడింది. చేతికి రాగిపిండి అంటుకొని ఉంది.

"మీ తాత మేత ఎక్కువేసినాడని నేను నీకు ఫోన్లో చెప్పినా చూడు. అది తప్పు. మీ నాయన ముందర గూడా అదే అంటి, ఎదురింటామె వినంగా గూడా అరిస్తి. ఈయన ఏమీ చేయలేదు. నేను సంపులో బిళ్లలు ఏసి, నువ్వు చెప్పినట్ల డ్రమ్ములో పెట్టకుండా పైపుతో పట్టినా. అడిగితే డ్రమ్ములో పెడతాండానని నీకు అబద్ధం చెప్పినా. చేపలను చంపింది నేను."

త్రివేణి తల్లిని చూసింది, తాతను చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తొట్టివైపు తిరిగి అద్దం మీద అరచెయ్యి పెట్టుకుంది.

"యాడ పూడ్చినారు?" అని అడిగింది.

"మునగచెట్టు కింద. చూపిస్తా రా" అన్నాడు తిప్పన్న.

తాతా మనవరాలూ పెరట్లోకి పోయారు. వంటింటి కిటికీలోంచి అరుణజ్యోతికి వాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. త్రివేణి ఏదో అడుగుతోంది. తిప్పన్న చేతులు కదిలించి చెబుతున్నాడు. చేపలు ఎట్లా పైకి వచ్చాయో, ఎట్లా నోళ్లు తెరిచాయో తన నోరు తెరిచి చూపిస్తున్నాడు. మిద్దె మీది డ్రమ్మువైపు వేలు చూపించి ఇంకేదో చెప్పాడు. ఇన్ని రోజుల్లో ఆయన అంతసేపు మాట్లాడటం ఆమె చూడలేదు. లోపలికి వచ్చేటప్పుడు ఇద్దరి పాదాలకూ తడి మన్ను అంటుకొని ఉంది.

"ఇంక నీళ్లు మార్చేది తాత చూసుకుంటాడంట" అంది త్రివేణి. "నువ్వు ముట్టుకోవద్దంట."

"ఆయనే అన్యాడా?"

"ఆయనే అన్యాడు."

మధ్యాహ్నం నలుగురూ హాల్లో నేల మీద కూర్చున్నారు. అరుణజ్యోతి సంగటి ముద్దలు, వంకాయ పులుసు కంచాల్లో పెట్టింది. పొద్దుటి గొడవలో సంగటి తొందర తొందరగా దించింది. త్రివేణి మొదటి ముద్ద మింగి కళ్లు మూసుకుంది. హాస్టల్లో దినామూ పల్చటి సాంబారన్నమేనంది.

"ఎన్ని దినాలైందో సంగటి తిని. బాగుండాది గదా తాతా?"

తిప్పన్న ముద్దను వేలితో నొక్కి చూశాడు. కొంచెం తుంచి, పులుసులో అద్ది నోట్లో పెట్టుకొని మెల్లగా నమిలాడు. అరుణజ్యోతి గరిటె పట్టుకొని ఆయన ముఖం చూస్తోంది.

"బాగలేదు" అన్నాడు తిప్పన్న. "సరిగా ఉడకలేదు. పిండి వాసన కొడతాంది."

ఓబిలేష్ నవ్వు దాచుకోవడానికి మజ్జిగ గ్లాసు ఎత్తుకున్నాడు. త్రివేణి తల్లివైపు చూసింది.

"అయితే రేపు నువ్వే వచ్చి గెలుకు నాయనా" అంది అరుణజ్యోతి.

"గెలుకుతా" అన్నాడు ఆయన. కంచాన్ని ఆమెవైపు జరిపాడు. "ఇంకొంచెం పులుసు పొయ్యి."